తొండం లేని చిమ్మట

అమ్మడూ,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నాక నాకు నిద్ర పట్టలేదు. బొద్దింక నోటి భాగాల బొమ్మ మూడోసారి గీయమన్నారని, విసుగొచ్చి ఆ కాగితం చింపేశానని చెప్పావు. "అంత పురుగు మూతి ఎలా ఉంటే ఎవరికి కావాలి నాన్నా" అన్నావు. అప్పటికప్పుడు నాకు జవాబు తోచలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఆస్ట్రేలియా దక్షిణ తీరానికి అవతల కంగారూ ద్వీపం ఉంది. అక్కడ సైప్రస్ పైన్ అనే ఒక రకం చెట్లు పెరుగుతాయి, ఆకులు మన సరుగుడు ఆకుల్లా సన్నగా ఉంటాయి. రిచర్డ్ గ్లాట్జ్ అనే పరిశోధకుడికి అక్కడ ఒక చిమ్మట, అంటే సీతాకోకచిలుకకు చుట్టమైన పురుగు, దొరికింది. ఆ దేశపు ఐదు సెంట్ల నాణెమంత, అంటే మన రూపాయి బిళ్ళ కంటే చిన్నది. రెక్కల మీద బంగారు, ఊదా రంగుల మెరుపు, అంచులకు ఈకల్లాంటి పొలుసులు. వర్షాకాలంలో మన వరండా ట్యూబులైటు చుట్టూ తిరిగేవాటిని లెక్కపెట్టేదానివి గుర్తుందా? అంతే ఉంటుంది.

2015లో దాని వర్ణన అచ్చయింది. ఎనిగ్మాటీనియా గ్లాట్జెల్లా అని పేరు పెట్టారు. కొత్త జాతులు ఏటా ఎన్నో బయటపడతాయి. దీన్ని మాత్రం ఉన్న కుటుంబాల్లో, అంటే దగ్గరి జాతులను కలిపి ఉంచే గుంపుల్లో, ఎక్కడా చేర్చలేకపోయారు, దీని కోసం కొత్త కుటుంబమే ఏర్పరచాల్సి వచ్చింది. ఆదిమ చిమ్మటల్లో, అంటే చిమ్మటల వంశవృక్షంలో తొలినాళ్ళలోనే చీలిన కొమ్మల్లో, అలా జరగడం 1970ల తర్వాత అదే మొదటిసారి.

ఇక నీ ప్రశ్న దగ్గరికి వస్తాను. సీతాకోకచిలుక తొండం బొమ్మ నువ్వు గీశావు కదా, గడియారం స్ప్రింగులా చుట్టుకుని ఉండేది. ఈ చిమ్మటకు అది లేదు. లేకపోతే ఏమైంది, తొండం పుట్టక ముందటి పాత రకం అనుకోవచ్చు కదా అంటావు. కానీ డీఎన్‌ఏ చూస్తే దీని దగ్గరి చుట్టాల్లో తొండం ఉన్నవున్నాయి. అంటే, ఉన్న తొండాన్ని ఇది పోగొట్టుకునైనా ఉండాలి, లేదా తొండమే ఒక్కసారి కాక వేర్వేరుగా పుట్టి ఉండాలి. ఒక్క పురుగు మూతిని ఓపిగ్గా చూడటంతో, అందరూ సూటిగా ఉందనుకున్న చిమ్మటల పరిణామ వరస చిక్కుపడింది! నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అసలు దానికి నోటితో పనేముంది? గూటిలోంచి బయటికొచ్చి, జతకట్టి, గుడ్లుపెట్టి, ఒక్క రోజులో చనిపోతుంది. ఆ ఒక్క రోజున అదే చెట్టు దగ్గర చూసే మనిషి ఉండాలి, లేకపోతే అది మనకు తెలిసేదే కాదు.

ఆ వ్యాసంలో మొదటి పేరు కోపెన్‌హాగన్‌కు చెందిన నీల్స్ క్రిస్టెన్సెన్‌ది. ఆదిమ చిమ్మటల శరీర నిర్మాణం చదవడానికే బతుకంతా ఇచ్చినాయన. ఇలాంటి గీతలు ఆయన ఎన్ని గీసి ఉంటాడో!

2020 మొదట్లో ఆ ద్వీపం దాదాపు సగం కార్చిచ్చుకు కాలిపోయిందని చదివినప్పుడు, సొంత ఊరేదో తగలబడ్డట్టు పటం ముందేసుకుని కూర్చున్నాను. మీ అమ్మ భోజనానికి రెండుసార్లు పిలిచింది.

చింపేసిన బొమ్మ ఆదివారం మళ్ళీ గియ్యి తల్లీ. మాక్సిల్లా అనే ఆ దవడ భాగం దగ్గర తొందరపడకు, కీళ్ళు లెక్కపెట్టి గియ్యి. గీశాక ఫోటో తీసి పంపు, నేను చూడాలి.

నాన్న