మిల్లు ఇక్కడే ఉంటుంది, కారం ఆడించే రోజులు మారుతున్నాయి

చెన్నై పెరంబూరులో మా దగ్గర పిండి, కారం ఆడించుకునే అందరికీ నమస్కారం. మిల్లు మూసేస్తున్నారటగా అని రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు. మూయడం లేదు. షెడ్డు రూపు మారుతోంది, దాంతో మా వేళలూ రేట్లూ మారుతున్నాయి. ఉన్నదున్నట్టు చెబుతాను.

మా మిల్లున్న ఈ షెడ్డు ఒకప్పుడు రైల్వే క్యారేజ్ వర్క్స్‌కీ, 1955లో మొదలైన రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌కీ విడిభాగాలు చేసిన చిన్న కార్ఖానా. ఓనరు గారు దీన్ని బాగుచేయించి ముందుభాగం కాఫీ షాపుకీ, పక్కభాగం ఆఫీసులకీ ఇస్తున్నారు. కూల్చనందుకు నాకు నిజంగా సంతోషం. దీని పైకప్పు రంపం పళ్ళలా ఉంటుంది. నిటారుగా ఉన్న వైపు అద్దాలన్నీ ఉత్తరానికి పెట్టారు. ఎండ మొహాన కొట్టదు, వెలుతురుకు లోటుండదు. లైటు వేయకుండానే జల్లెడలో పురుగు కనబడుతుంది. ఇలాంటి కప్పు ఇవాళ ఎవరు కట్టిస్తారు?

ఇక్కడి పాత బట్టల మిల్లు, బి అండ్ సి (బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్) మిల్లుకు ఆ అదృష్టం దక్కలేదు. 1996లో మూతపడ్డాక షెడ్లు గోడౌన్లయ్యాయి, సినిమా షూటింగులకిచ్చారు, ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లు లేచాయి. 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది ఆ మిల్లు కార్మికుల కోసమే. ఆ యూనియన్‌కు మొదటి అధ్యక్షుడైన బి.పి. వాడియా గారి దగ్గరికి వెళ్ళి వాళ్ళ కష్టం చెప్పింది సెల్వపతి చెట్టియార్, రామానుజులు నాయుడు అనే చిన్న వ్యాపారులు. కొట్టు పెట్టుకున్నవాడికి వీధి బాధ తెలియాలని నేను గట్టిగా నమ్ముతాను.

అందుకే ఈ మాట. గోడలు నిలిచినంత మాత్రాన వీధి నిలవదు. మా వరసలో లేత్ షాపులు ఒక్కొక్కటే అంబత్తూరు వైపు వెళ్ళిపోయాయి. వాటిలో పనిచేసేవాళ్ళు ఇంటికి వెళ్తూ రాగులు, గోధుమలు ఆడించుకునేవారు. ఆ బేరం పోయింది. కొత్తగా వచ్చినవాళ్ళు మంచివాళ్ళే, కాకపోతే పావుకిలో పొడి చాలంటారు. అద్దె మాత్రం దాదాపు రెట్టింపయింది. రెడ్‌హిల్స్ వైపు చవగ్గా దొరుకుతుందని సలహా ఇచ్చారు. సంచి పట్టుకుని నడిచొచ్చే పెద్దమ్మలు అంత దూరం ఎలా వస్తారు? వెళ్ళను.

ఇక కారం సంగతి. ఎండాకాలంలో ఏడాదికి సరిపడా గుంటూరు మిరపకాయలు ఆడిస్తుంటే ఆ ఘాటు వెనక అపార్ట్‌మెంటు మూడో అంతస్తు దాకా పోతోంది. ఒకావిడ చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చి నిలబడ్డారు, బిడ్డకు దగ్గు ఆగడం లేదు. ఆమెతో వాదించడానికి నాకేముంది? అప్పు చేసి కారం మర చుట్టూ గది కట్టించి, ధూళి పట్టే గుడ్డసంచుల ఫిల్టరు పెట్టిస్తున్నాం. ఆ పని అయ్యేదాకా కారం మంగళ, శుక్రవారాలు మాత్రమే, ఉదయం పదకొండు నుంచి ఒంటిగంట వరకు. ఎండిన కాయలు తొడిమలు తీసి తెండి. అన్నిటికీ కిలోకు మూడు రూపాయలు పెంచాం.

అరిసెల తడిపిండి ఎప్పటిలాగే వేరే మరలో, పొద్దున్నే. కారం మరలో ధనియాలు, పసుపు వేసే ముందు గుప్పెడు బియ్యం ఆడించి తుడిచే అలవాటు మానం. వాకిలి ఇకనుంచి పక్కసందులో, పాత తూకం గది తలుపే. మెట్టు ఎత్తుగా ఉంది, పెద్దవాళ్ళు కింద నుంచే పిలవండి, సంచి మావాళ్ళు అందుకుంటారు.