మందుల కౌంటరు దగ్గర మూడు వేళ్లు

సంపాదకులకు,

అయ్యా,

ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాక ఏ కోర్సులో చేరితే ఏమి ఉపయోగమన్న చర్చ పత్రికలలో ఏటా జరుగుతూనే ఉంటుంది. ఆ చర్చలో ఎన్నడూ చోటు దక్కని ఒక పనిని, ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఆసుపత్రులలో ఫార్మసిస్టుగా పనిచేసి విరమించిన నేను, మీ పత్రిక ద్వారా సాంకేతిక విద్యాశాఖ దృష్టికి తేదలచాను. అది మెడికల్ షాపులో కౌంటరు వెనుక నిలబడే సహాయకుడి పని.

మా వీధిలో దర్జీ పని చేసుకునే ఒక బధిర మహిళ ఉన్నారు. పోయిన చలికాలంలో ఆమె జలుబుకు డాక్టరుకు చూపించుకుని, చీటీతో ఒక మందుల దుకాణానికి వెళ్లారు. చీటీలో సి.పి.ఎం. అనే జలుబు మాత్రకు ఎదురుగా టి.డి.ఎస్. అని ఉంది, అంటే పూటకు ఒకటి చొప్పున రోజుకు మూడుసార్లు. కౌంటరులోని కుర్రవాడికి ఆ సంగతి తెలుసు. ఆమెకు ఎలా చెప్పాలో తెలియక మూడు వేళ్లు చూపించి, చేతిని నోటిదాకా తీసుకువెళ్లాడు. ఆమె ఇంటికి వచ్చి మూడు మాత్రలూ ఒకేసారి మింగి, మర్నాడు మధ్యాహ్నం వరకు మత్తుగా పడి ఉన్నారు. జలుబు మాత్ర కనుక నిద్రతో పోయింది. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవలసిన మెథోట్రెక్సేట్‌ను పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవారి ఉదంతాలు వైద్య పత్రికలలో నమోదై ఉన్నాయి. చెవులు చక్కగా వినిపించేవారికే అలాంటి పొరపాట్లు జరుగుతున్నప్పుడు, వేళ్ల లెక్కతో మందులు తీసుకునేవారి సంగతి ఊహించవచ్చు. ఆ కుర్రవాడిని కోప్పడటానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే ఈ పని అతనికి ఎవరూ నేర్పలేదు.

1948 నాటి ఫార్మసీ చట్టంలోని 42వ సెక్షను ప్రకారం డాక్టరు చీటీ మీద మందు ఇవ్వవలసినది రిజిస్టర్డ్ ఫార్మసిస్టు. అందుకు కనీస చదువు డి.ఫార్మసీ. ఇంటర్ తరువాత రెండేళ్లు చదివి, ఆపైన 500 గంటల ప్రాక్టికల్ శిక్షణ పొందాలి, అందులో 250 గంటలైనా చీటీలు చూసి మందులివ్వడంలోనే గడపాలి. సర్టిఫికెట్టును గోడకు తగిలించి మనిషి మరొకచోట ఉండే దుకాణాల గురించి చాలామంది రాశారు, తనిఖీలు గట్టిగా జరగాలన్నదే నా అభిప్రాయం కూడా. అయితే ఫార్మసిస్టు నిజంగా కూర్చున్న దుకాణంలో సైతం రాత్రి ఏడు గంటల రద్దీలో అరల నుంచి మందు తీయడం, స్ట్రిప్పు కత్తిరించడం, కవరు మీద గీతలు గీసి చేతికివ్వడం సహాయకులే చేస్తారు. అమెరికాలో ఇదే పనికి ఫార్మసీ టెక్నీషియన్ అన్న పేరు, కమ్యూనిటీ కళాశాలలలో చదువు, 1995లో ఏర్పడిన బోర్డు ఇచ్చే ధ్రువీకరణ ఉన్నాయి. టెక్నీషియన్ మందు సిద్ధం చేసి ఉంచుతాడు, రోగికి సలహా చెప్పే బాధ్యత మాత్రం ఫార్మసిస్టుదే. మన దేశంలోనూ ఫార్మసీ అసిస్టెంటు పేరిట స్వల్పకాలిక శిక్షణలు లేకపోలేదు గాని, అవి చదివి వచ్చిన వ్యక్తిని మా ఊరి దుకాణాలలో నేను ఇంతవరకు చూడలేదు.

డి.ఫార్మసీ నడిపే కళాశాలలు, ముఖ్యంగా ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు, ఇప్పటికే దుకాణాలలో పనిచేస్తున్న ఇలాంటివారి కోసం ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు పెట్టాలని నా విన్నపం. అది చదివినంత మాత్రాన ఫార్మసిస్టు లేకుండా మందులివ్వవచ్చన్న అర్థం రాకూడదు, ఆ మాట సర్టిఫికెట్టు మీదనే అచ్చువేయాలి. మందుల నిల్వ, గడువు తేదీలు, ఫ్రిజ్‌లో ఉంచవలసిన ఇన్సులిన్ వంటివి ఎలాగూ నేర్పుతారు. నేను గట్టిగా అడుగుతున్నది మరో రెండింటి గురించి.

మొదటిది వైద్య పరిభాష. ఈ మాట అనగానే లాటిన్, గ్రీకు పదాల పట్టికను బట్టీ పట్టించడం మొదలుపెడతారేమోనని నా భయం. కౌంటరు దగ్గర కావలసినది అది కాదు. ఓ.డి. అంటే రోజుకు ఒకసారి అని నేర్చుకున్నవాడికి, కంటి డాక్టరు చీటీలో అదే ఓ.డి. కుడికన్ను అవుతుందని కూడా తెలియాలి. ఎస్.ఓ.ఎస్. అని రాస్తే అవసరమైతేనే వేసుకోవాలని రోగికి తెలుగులో చెప్పగలగాలి. మెట్‌ఫార్మిన్ షుగరుకు, మెట్రోనిడజోల్ అమీబియాసిస్ వంటి ఇన్ఫెక్షన్లకు. పేర్ల మొదలు ఒకటే, 500 మిల్లీగ్రాముల మాత్రలు రెండింటిలోనూ ఉన్నాయి, ఇక చేతిరాత గజిబిజి అయితే చెప్పేదేముంది! డాక్టర్లు మందు జనరిక్ పేరును స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాలలో రాయాలని 2016లో వైద్య మండలి నిబంధన సవరించినా, నా కళ్లజోడు నంబరు మాత్రం తగ్గలేదు. మరోవైపు రోగి మాటలూ పరిభాషే. మన ఊళ్లలో "వేడి చేసింది" అన్న మనిషికి జ్వరం ఉండకపోవచ్చు, నోటిపూతో మూత్రంలో మంటో అయి ఉండవచ్చు. ఆ మాట విని జ్వరం మాత్ర తీసే సహాయకుడిని నేను చూశాను.

రెండవది సంజ్ఞా భాష. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షలకు పైమాటే. కాగితం మీద రాసి చూపిస్తే సరిపోదా అని కొందరు మిత్రులు నన్నడిగారు. పుట్టుకతో బధిరులైన చాలామందికి తెలుగు చెవితో రాలేదు, బడిలో అక్షరాలతో వచ్చిన రెండో భాష అది. "పరగడుపున" అన్న మాట మనకున్నంత తేలికగా వారికి ఉండాలని లేదు. ఇక ఇంటర్నెట్టులో చూసి నేర్చుకుందామనుకునేవారికి ఎక్కువగా ఎదురయ్యేది అమెరికన్ సంజ్ఞా భాష. అందులో అక్షరాలు ఒక చేత్తో పలుకుతారు, భారతీయ సంజ్ఞా భాషలో చాలా అక్షరాలకు రెండు చేతులూ కావాలి. ఆ అమెరికన్ భాష నేర్చుకుని వచ్చి మన బధిరుల ముందు నిలబడితే మళ్లీ మూడు వేళ్ల కథే. 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి 10,000 పదాల నిఘంటువును సిద్ధం చేసింది, వైద్యానికి సంబంధించిన పదాలూ అందులో ఉన్నాయి. పాఠానికి కావలసిన సరుకు సిద్ధంగానే ఉంది.

ఆరు నెలలలో ఎవరూ దుబాసీలు కారు, ఆ కోర్సుకే రెండేళ్లు పడుతుంది. ఉదయం, రాత్రి, తిన్న తరువాత, పూటకు ఒకటి, నిద్ర వస్తుంది, బండి నడపవద్దు, గర్భమా, ఏ మందైనా పడదా వంటి ఓ వంద సంజ్ఞలు, వాటితోపాటు ప్రశ్న అడిగేటప్పుడు మారే ముఖకవళిక నేర్పితే చాలు. అవి నేర్పవలసినవారు బధిరులే. వారిని సేవాభావం పేరిట ఉచితంగా పిలవకుండా, తక్కిన అధ్యాపకులతో సమానంగా గంటల లెక్కన వేతనం ఇవ్వాలి. డి.ఫార్మసీ విద్యార్థులను కూడా ఆ తరగతిలోనే కూర్చోబెట్టవచ్చు.

చివరగా, వేళల గురించి ఒక మాట. ఉద్యోగులకు సాయంత్రం తరగతులు పెట్టడం మన కళాశాలల అలవాటు. డాక్టర్లు చీటీలు రాసేదీ, దుకాణాలు కిటకిటలాడేదీ ఆ సమయంలోనే కనుక ఏ యజమానీ కుర్రవాళ్లను పంపడు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు పెడితే పంపుతానని, మూడు వేళ్లు చూపించిన ఆ కుర్రవాడి దుకాణం యజమానే నాతో అన్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మసిస్టు,
తెనాలి