పియానో ట్యూనింగ్ కూడా ఉద్యోగమే సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

మా వాడు ఇంటర్ కదా అని మీ కెరీర్ పేజీ ప్రతి వారం చదువుతున్నా, ఎప్పుడు చూసినా సాఫ్ట్‌వేర్, గ్రూప్స్, నీట్, ఇవే. చేతిపనుల గురించి ఒక్క ముక్క ఉండదు. నేను పియానోలు ట్యూన్ చేసి బతుకుతున్నా, సొంతంగానే, ఏ షోరూమ్ కిందా కాదు. చుట్టాలకి చెప్తే "అంటే వాయిస్తావా?" అంటారు. వాయించడం నాకు అంతంతమాత్రమే.

అంతకుముందు తొమ్మిదేళ్లు అకౌంట్స్‌లో చేశా, ఒకటో తారీఖుకి జీతం పడేది, అదొక్కటే ఇప్పటికీ గుర్తొస్తుంది. ఇప్పుడు క్రిస్మస్ ముందు సికింద్రాబాద్ చర్చిల నుంచి ఫోన్లు ఆగవు, వేసవి సెలవుల్లో మాత్రం ఈగలు తోలుకోవడమే. ఒక స్కూల్ వాళ్లైతే ఆరు వేల బిల్లుకి నన్ను నాలుగు నెలలు తిప్పారు.

మొన్న మారేడ్‌పల్లిలో ఒక ఇంటికెళ్తే నొక్కిన మీటలు పైకి లేవట్లేదు, ఈ ముసురుకి చెక్కా, ఫెల్టు అనే మందపాటి ఉన్ని గుడ్డా తేమ పీల్చి ఉబ్బిపోతాయి, సౌండ్‌బోర్డు, అంటే తీగల మోతని పెంచే చెక్క పలక, ఉబ్బితే శ్రుతి కూడా పైకి పోతుంది, మళ్లీ ఎండలకి దిగుతుంది. మీటలు 88 గానీ తీగలు 200 పైనే, పై స్వరాలకైతే ఒక్కోదానికి మూడేసి. పక్క తీగలకి ఫెల్టు అడ్డం పెట్టి మధ్యది సరిచేసి, తర్వాత రెండోదాన్ని దాంతో కలుపుతుంటే, రెంటికీ కాస్త తేడా ఉన్నంతసేపూ వావ్... వావ్... అని ఊగుతుంది, తీగ చుట్టి ఉన్న పిన్ను వెంట్రుకవాసి తిప్పే కొద్దీ ఆ ఊపు నెమ్మదించి, నెమ్మదించి, ఆగిపోతుంది. ఆ ఇంటి మామ్మగారు కాఫీ తెచ్చి అక్కడే నిలబడి విని "బాబూ, ఇది రిపేరా, సంగీతమా?" అన్నారు. అకౌంట్స్‌లో ఉన్నన్నాళ్లూ నా పని గురించి ఎవరూ ఏమీ అడగలేదు సార్. అలాగని అందరూ మామ్మగార్లు కాదు, "నాలుగు స్క్రూలు తిప్పడానికి ఇంతా?" అనేవాళ్లే ఎక్కువ.

పిల్లలెవరైనా ఇటు వస్తామంటే ఉన్న ఉద్యోగం మాత్రం వెంటనే మానొద్దనే చెప్తా, నేను మూడేళ్లు ఆదివారాలు ఒక పెద్దాయన వెనక టూల్ బ్యాగ్ మోశాకే రిజైన్ చేశా. పైగా డిజిటల్ పియానోకి తీగలే ఉండవు, ట్యూనింగ్ అక్కర్లేదు, అపార్ట్‌మెంట్లలో అందరూ అవే కొంటున్నారు, అందుకే హార్మోనియం రిపేర్లు కూడా పట్టా.

నెలకోసారైనా ఇలాంటి పనుల గురించి రాయండి, ఎంతొస్తుందో, ఎన్నాళ్లు ఖాళీగా ఉండాలో కూడా రాయండి, "అభిరుచే ఆదాయం" అని హెడ్డింగ్ మాత్రం పెట్టకండి.

ఇట్లు,
ఒక పియానో ట్యూనర్, బోయిన్‌పల్లి