సూపర్‌చార్జర్‌కు పనికొస్తుందని పంపిన ఇంజిన్ బ్లాక్‌పై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: 6.0 లీటర్ల పోత ఇనుప బ్లాక్‌లో సిలిండర్ గోడ పలచగా ఉండటం, దాన్ని వాపసు తీసుకోవడానికి మీ సంస్థ నిరాకరించడం గురించి.

అయ్యా,

మీ దగ్గర కొన్న ఎల్‌ఎస్ తరహా (జనరల్ మోటార్స్ ఇంజిన్ కుటుంబం) వి8 బ్లాక్‌ను, అంటే ఎనిమిది సిలిండర్లుండే ఇంజిన్ ప్రధాన పోతను, వెనక్కి తీసుకుని నా డబ్బు తిరిగి ఇవ్వాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. మీ సిబ్బందితో ఫోన్‌లో మాట్లాడాను, మెయిల్స్ కూడా పెట్టాను. ఎప్పుడు అడిగినా "బ్లాక్ మా ప్రమాణాల ప్రకారమే ఉంది" అన్న జవాబే వచ్చింది. ఆ ప్రమాణం ఎంతో మిల్లీమీటర్లలో చెప్పమంటే మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకే జరిగిందంతా రాతపూర్వకంగా మీ ముందు పెడుతున్నాను.

ఆర్డర్ ఇవ్వకముందే నా అవసరం ఏమిటో మీ టెక్నికల్ విభాగానికి స్పష్టంగా రాశాను. బండి రోడ్డు మీద కూడా తిరుగుతుంది, అప్పుడప్పుడు డ్రాగ్ స్ట్రిప్ (నేరుగా పోయే రేసు ట్రాక్) మీదకూ వెళ్తుంది. పైన కూర్చునేది బెల్టుతో తిరిగే పాజిటివ్ డిస్‌ప్లేస్‌మెంట్ సూపర్‌చార్జర్, అంటే తిరిగిన ప్రతిసారీ నిర్ణీత పరిమాణంలో గాలిని ఇంజిన్‌లోకి నెట్టే పంపు. బూస్ట్, అంటే అది గాలికి ఇచ్చే అదనపు ఒత్తిడి, 1 బార్ దగ్గర ఉంటుంది. ఇవి చెప్పి, మూడు విషయాలు అడిగాను: థ్రస్ట్ వైపు (పిస్టన్ బలంగా నెట్టే వైపు) సిలిండర్ గోడ మందం ఎంత, హోనింగ్ (సిలిండర్ రంధ్రానికి చేసే తుది నునుపు పని) టార్క్ ప్లేట్ (హెడ్ బిగించినట్టు ఉంచే మందపాటి పలక) బిగించి చేశారా, మెయిన్ క్యాప్‌లకు (క్రాంక్‌ను పట్టి ఉంచే మూతలు) స్టడ్‌లు వేశాక లైన్ హోన్ (ఆ క్యాప్‌ల రంధ్రాలన్నిటినీ ఒకే వరసలోకి తేవడం) చేశారా. మీ జవాబు నా దగ్గర భద్రంగా ఉంది. "ఈ బ్లాక్ 1,000 హార్స్‌పవర్ తట్టుకుంటుంది, బూస్ట్‌కు సిద్ధంగా ఉంది, టెన్షన్ పడకండి" అని రాశారు. అడిగిన మూడింటిలో ఒక్కదానికీ అందులో సమాధానం లేదు. అయినా మీది ఇంజిన్ పనే వృత్తిగా ఉన్న సంస్థ కాబట్టి, సూపర్‌చార్జర్ అని తెలిసే ఆ మాట ఇచ్చారని నమ్మి డబ్బు కట్టాను.

పోత ఇనుము ఎంచుకోవడం వెనక నా లెక్క నాకుంది. అల్యూమినియం బ్లాక్ బూస్ట్‌కు పనికిరాదని నేను అనుకోను. 2009 కార్వెట్ జెడ్‌ఆర్1లో వచ్చిన ఎల్‌ఎస్9 అల్యూమినియం బ్లాకే, లోపల ఇనుప లైనర్లు, పైన సూపర్‌చార్జర్, 638 హార్స్‌పవర్. కానీ 2003లో మస్టాంగ్ కోబ్రాకు సూపర్‌చార్జర్ పెట్టినప్పుడు అంతకుముందు వాడిన అల్యూమినియం బ్లాక్‌ను పక్కనపెట్టి 4.6 లీటర్ల ఇనుప బ్లాక్ తెచ్చారు. 2015లో వచ్చిన డాడ్జ్ హెల్‌క్యాట్ కూడా 707 హార్స్‌పవర్‌ను ఇనుప బ్లాక్ మీదే ఇచ్చింది. ఇనుము వేడికి అల్యూమినియం కంటే సగమే వ్యాకోచిస్తుంది. దాంతో బేరింగ్ క్లియరెన్స్ అంతగా మారదు, బోర్ (సిలిండర్ రంధ్రం) ఆకారం నిలబడుతుంది. ఇందుకు బండి ముక్కు మీద సుమారు 40 కిలోల బరువు ఎక్కువ మోయాలి. గోడ గట్టిగా ఉంటుందన్న భరోసా కోసమే ఆ బరువుకు ఒప్పుకున్నాను. ఆ భరోసానే మీ బ్లాక్‌లో లేకుండా పోయింది.

బ్లాక్ వచ్చాక, పని మొదలుపెట్టే ముందు వేరే మెషిన్ షాప్‌లో సోనిక్ టెస్టర్‌తో (శబ్ద తరంగాలతో గోడ మందం కొలిచే పరికరం) కొలిపించాను. పోత ఇనుములో శబ్ద వేగం పోతను బట్టి మారుతుంది కాబట్టి, అదే బ్లాక్‌లో మందం తెలిసిన చోట పరికరాన్ని సరిచేసుకుని కొలిచారు. ప్రతి సిలిండర్‌ను నాలుగు వైపులా, పైన, మధ్యలో, కింద చూశారు. ఏడు సిలిండర్లలో థ్రస్ట్ వైపు 5 మి.మీ. పైనే ఉంది. వెనక మూలనున్న 7వ సిలిండర్‌లో మాత్రం అదే వైపు, మధ్య ఎత్తులో 3.4 మి.మీ. ఉంది. దానికి ఎదురు గోడ 6 మి.మీ. దాటింది. చూసిన వెంటనే మెషినిస్ట్ చెప్పింది ఒకటే: పోత పోసేటప్పుడు లోపలి కోర్ (లోపలి ఖాళీలను ఏర్పరిచే ఇసుక అచ్చు) కాస్త పక్కకు జరిగింది. ఇది పోతల్లో ఎప్పుడైనా జరిగేదే, దాన్ని ఎవరి తప్పూ అననవసరం లేదు. కానీ ఈ బ్లాక్‌ను 30 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు 30) ఓవర్‌సైజ్‌కు బోర్ చేసింది మీరు. అసలు బోర్ 101.6 మి.మీ., మీరు చేశాక 102.36 మి.మీ. అంటే ప్రతి వైపు గోడ నుంచి 0.38 మి.మీ. చెక్కేశారు. ఏ గోడ ఎంత ఉందో చూడకుండా అన్నిటినీ సమానంగా చెక్కితే, పలచగా ఉన్నది ఇంకా పలచన అవుతుంది. బోరింగ్‌కు ముందు సోనిక్ రిపోర్ట్ తీశారా అని మీ మేనేజర్‌ను నేరుగా అడిగాను. "ఓవర్‌సైజ్ 30 థౌ లోపే కదా, సమస్య ఉండదు" అన్నారు. 30 థౌ అనేది బోర్ సైజు చెబుతుంది, మిగిలిన గోడ మందం చెప్పదు.

థ్రస్ట్ వైపు గురించి నేను ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఉంది. పవర్ స్ట్రోక్‌లో కనెక్టింగ్ రాడ్ ఏటవాలుగా ఉంటుంది, కాబట్టి పిస్టన్ కిందికి దిగుతూ ఒక వైపు గోడను బలంగా నెడుతుంది. బూస్ట్ ఉన్న ఇంజిన్‌లో గాలి, ఇంధనం ఎక్కువగా మండుతాయి. గరిష్ఠ ఒత్తిడి పెరగడమే కాదు, పిస్టన్ చాలా కిందికి వచ్చేదాకా ఒత్తిడి ఎక్కువగానే ఉంటుంది. సరిగ్గా గోడ మధ్య భాగం, అంటే నా బ్లాక్‌లో 3.4 మి.మీ. ఉన్న చోటు, ఆ దెబ్బ తింటుంది. పలచని గోడ ఒత్తిడికి వంగుతుంది. వంగితే రింగ్ సీల్ పోతుంది, ఆయిల్ పైకి వస్తుంది, ఆయిల్ కలిసిన మిశ్రమం డిటొనేషన్‌కు (అదుపు తప్పి పేలినట్టు మండటానికి) తేలిగ్గా దొరుకుతుంది. డిటొనేషన్ మొదలైతే అదే గోడ పగులుతుంది, కూలెంట్ సిలిండర్‌లోకి వస్తుంది. ఆ తర్వాత పోయేది బ్లాక్ ఒక్కటే కాదు. క్రాంక్, రాడ్‌లు, పిస్టన్‌లు, హెడ్‌లు, అన్నీ. పూర్తి బూస్ట్‌లో, వేగం మీద ఉన్నప్పుడు అది జరిగితే స్టీరింగ్ పట్టుకున్న మనిషి సంగతేమిటి?

ఇక మీరు పదే పదే చెబుతున్న 1,000 హార్స్‌పవర్ మాట. అది ఏ ఆర్‌పీఎం దగ్గర, ఎలా వచ్చే పవర్‌కు? 8,000 ఆర్‌పీఎం దగ్గర వచ్చే పవర్‌నే 5,500 దగ్గర తీయాలంటే ప్రతి స్ట్రోక్‌లో సిలిండర్‌పై పడే సగటు ఒత్తిడి దాదాపు 45 శాతం ఎక్కువ ఉండాలి. పాజిటివ్ డిస్‌ప్లేస్‌మెంట్ సూపర్‌చార్జర్ పెట్టేదే తక్కువ ఆర్‌పీఎం నుంచి టార్క్ రావాలని. పైగా సూపర్‌చార్జర్ తిరగడానికి కావలసిన శక్తి కూడా క్రాంక్ నుంచే పోతుంది. ఫ్లైవీల్ దగ్గర 800 కనిపించి, సూపర్‌చార్జర్ 100 మింగుతోందనుకోండి. అప్పుడు సిలిండర్లు పుట్టిస్తున్నది 900. బ్లాక్ మోయాల్సింది ఆ 900నే, డైనోలో (పవర్ కొలిచే యంత్రంలో) కనిపించే అంకెను కాదు. టర్బో పెట్టిన ఇంజిన్‌తోనో, బూస్ట్ లేకుండా పైపైకి తిరిగే ఇంజిన్‌తోనో వచ్చిన రేటింగ్‌ను ఉన్నదున్నట్టు సూపర్‌చార్జర్ కొనేవాళ్లకు చెప్పడం సరికాదు. మీ రేటింగ్ ఎలా వచ్చిందో అడిగితే "మా కస్టమర్ల అనుభవం" అన్నారు. గోడ మందం కొలవని బ్లాక్‌కు ఇంకో బ్లాక్ అనుభవం ఎలా వర్తిస్తుంది? ఒకే మోడల్ పోతలు రెండు పక్కపక్కన పెట్టినా లోపలి మందాలు ఒకేలా ఉండవు.

మిగతా రెండు ప్రశ్నల సంగతి కూడా అంతే. ఈ తరహా ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ చుట్టూ ఉండేవి నాలుగే పెద్ద హెడ్ బోల్టులు. అవి బిగిస్తే బోర్ ఆకారం కాస్త లాగబడుతుంది, అందుకే టార్క్ ప్లేట్ బిగించి హోన్ చేస్తారు. నా మెషిన్ షాప్‌లో ప్లేట్ బిగించి కొలిస్తే బోర్‌ల గుండ్రదనం తప్పుతోంది, అంటే మీరు ప్లేట్ వాడలేదు. మెయిన్ క్యాప్‌లకు స్టడ్‌లు వేసి పంపారు గానీ లైన్ హోన్ చేసిన గుర్తులు లేవు. బెల్ట్ క్రాంక్ ముందు భాగాన్ని ఎప్పుడూ ఒక వైపు లాగుతూ ఉంటుంది, కాబట్టి సూపర్‌చార్జర్ ఇంజిన్‌లో ముందు మెయిన్ బేరింగ్‌కు ఇది చిన్న విషయం కాదు. అయినా ఈ రెండూ సరిచేయగలిగినవి. పోయిన గోడను మాత్రం ఎవరూ తిరిగి తేలేరు, నా ఫిర్యాదులో ప్రధానమైనది అదే.

మీ టెక్నికల్ విభాగం రెండు పరిష్కారాలు చెప్పింది. ఒకటి, వాటర్ జాకెట్‌లో (సిలిండర్ల చుట్టూ కూలెంట్ తిరిగే ఖాళీలో) బ్లాక్ ఫిల్లర్ నింపుకోమని. కొద్ది సెకన్లు పరిగెత్తి ఆగే డ్రాగ్ బండికి అది నడుస్తుంది. ట్రాఫిక్‌లో కూడా తిరిగే బండికి, అదీ బూస్ట్‌తో రెట్టింపు వేడి పుట్టించే ఇంజిన్‌కు, కూలెంట్ తిరిగే చోటును గట్టి ముద్దతో మూసేయమంటారా? అదీగాక మధ్య ఎత్తులో ఉన్న పలచన చోటుకు దన్ను రావాలంటే సగం పైగా నింపాలి. ఒకసారి గట్టిపడితే అది మళ్లీ బయటికి రాదు. రెండోది, 7వ సిలిండర్‌కు స్లీవ్ (లోపల తొడిగే కొత్త లోహపు గొట్టం) వేయించుకోమని. స్లీవ్ మంచి పనే, సరిగ్గా వేస్తే పాత గోడ కంటే గట్టిగా ఉంటుంది. అయితే ఆ ఖర్చు నా మీద వేశారు. "బూస్ట్‌కు సిద్ధం" అని అమ్మిన బ్లాక్‌ను సిద్ధం చేసే ఖర్చు కొన్నవాడు ఎందుకు భరించాలి?

వాపసు అడిగినప్పుడు మీరు చెప్పిన కారణాలు నన్ను ఎక్కువ బాధపెట్టాయి. వేరే షాప్‌లో పని చేయించారు కాబట్టి వారంటీ వర్తించదన్నారు. కొలవడం మెషినింగ్ కాదు. ఆ బ్లాక్ నుంచి ఒక్క పొట్టు లోహం తీయలేదు, కొత్తగా ఒక్క రంధ్రం వేయలేదు. సోనిక్ ప్రోబ్ గోడకు ఆనించినంత మాత్రాన వారంటీ పోతే, లోపాన్ని కనిపెట్టే దారే కొన్నవాడికి ఉండదు. మరొకరు, రేసింగ్ భాగాలకు వారంటీ ఉండదన్నారు. అమ్మకం పేజీలో సూపర్‌చార్జర్‌కు అని పెద్ద అక్షరాలతో రాసి, లోపం బయటపడ్డాక అదే మాటను వారంటీ ఎగ్గొట్టడానికి వాడటం అన్యాయం. ఇంజిన్ బిగించి, నడిపి, పగలగొట్టుకుని వచ్చి అడుగుతున్నవాణ్ని కాదు నేను. వాడకముందే, నిర్ధారించి, కాగితం చేతిలో పెట్టి అడుగుతున్నాను.

కాబట్టి బ్లాక్‌ను మీ రవాణా ఖర్చుతో వెనక్కి తీసుకుని పూర్తి ధర తిరిగి ఇవ్వండి. సోనిక్ టెస్ట్‌కు, టార్క్ ప్లేట్ కొలతలకు నేను కట్టిన ఫీజు కూడా ఇవ్వాలి. డబ్బుకు బదులు వేరే బ్లాక్ ఇస్తామంటే నాకు అభ్యంతరం లేదు. కానీ అది కదలకముందే ఎనిమిది సిలిండర్ల సోనిక్ కొలతలు నాకు పంపాలి, థ్రస్ట్ వైపు ఎక్కడా 5 మి.మీ. కంటే తగ్గకూడదు, హోనింగ్ టార్క్ ప్లేట్‌తో జరగాలి, స్టడ్‌లు వేశాక లైన్ హోన్ చేయాలి. వీటిలో ఏది ఒప్పుకోలేకపోయినా డబ్బే ఇవ్వండి.

ఇంకొకటి, ఇది నా ఒక్కడి కోసం అడగడం లేదు. మీ అమ్మకం పేజీలో ఆ 1,000 హార్స్‌పవర్ మాట తీసేసి, ప్రతి బ్లాక్‌తో దాని సొంత గోడ మందాల కాగితం జతచేయండి. సోనిక్ టెస్టర్ వాడటం మీ షాప్‌కు పెద్ద పని కాదు. బోరింగ్‌కు ముందే కొలిచి ఉంటే ఈ బ్లాక్‌ను మామూలు ఇంజిన్‌కు అమ్ముకునేవారు, అక్కడ అది చక్కగా పనిచేసేది కూడా.

మెషిన్ షాప్ ఇచ్చిన కొలతల పట్టిక, పలచన చోటు ఫొటోలు, ఆర్డర్ రసీదు, మీ టెక్నికల్ విభాగం మెయిల్ ప్రతి ఈ లేఖతో పంపుతున్నాను. లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే ఇవే కాగితాలతో వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. బ్లాక్‌ను తుప్పు పట్టకుండా ఆయిల్ పూసి, మీరు పంపిన పెట్టెలోనే ఉంచాను. మీ మనిషి వచ్చి నా మెషినిస్ట్ ముందే మళ్లీ కొలుచుకోవచ్చు, ఏ రోజైనా నాకు సమ్మతమే.

ఇట్లు,
మీ కస్టమర్