పళ్లు పట్టుకుంటే సరిపోదు, మాగబెట్టే గదులు కట్టించండి

సంపాదకుడికి,

అయ్యా,

మూడు వారాల కిందట మీ విజయవాడ పేజీలో, కార్బైడ్ (క్యాల్షియం కార్బైడ్ అనే రసాయనం) పెట్టి మాగబెట్టిన మామిడి పళ్లను అధికారులు పట్టుకున్నారన్న వార్త వేశారు. ట్రాలీ నిండా పళ్లు, చుట్టూ అధికారులు, పక్కన వాటిని పోయించడానికి తవ్విన గుంత. ఇలాంటి ఫొటోనే నిరుడూ వచ్చింది, అంతకుముందు వేసవిలోనూ వచ్చింది. 'నమూనాలను ప్రయోగశాలకు పంపాం, నివేదిక రాగానే చర్యలు తీసుకుంటాం' అని ఒక అధికారి చెప్పినట్టు వార్త చివర రాశారు. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006 ప్రకారం నమూనా చేతికందిన 14 రోజుల్లోగా విశ్లేషకుడు నివేదిక ఇవ్వాలి. ఎంత తీరిగ్గా పంపినా ఈపాటికి వచ్చి ఉండాలి. అందులో ఏముంది? కేసు పెట్టారా? పెడితే ఎవరి మీద, సరుకు సొంతదారు మీదా, ట్రాలీ తోలుకొచ్చిన కూలి మీదా? తెలుసుకుందామని రోజూ మీ పేజీ తిరగేస్తున్నాను. ఒక్క ముక్క లేదు. పట్టుకున్న రోజు అంత పెద్ద ఫొటో వేసిన పత్రిక, ఆ తర్వాత ఏమైందో నాలుగు వాక్యాలు రాయవద్దా?

నేను కాలేజీలో రసాయనశాస్త్రం పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. కాబట్టి ఈ కార్బైడ్ సంగతి నాకు బాగానే తెలుసు. గ్యాస్ వెల్డింగ్ షెడ్లలో వాడే బూడిద రంగు గడ్డ అది. తేమ తగిలితే ఎసిటిలీన్ వాయువు వస్తుంది, సున్నం మిగులుతుంది. కాగితంలో పొట్లం కట్టి కాయల మధ్య దోపితే కాయల చెమ్మే చాలు, వేరే నీళ్లు అక్కర్లేదు. కాయ తనంతట తాను విడుదల చేసే ఎథిలీన్ చేసే పనిని ఈ ఎసిటిలీన్ కొంతమేరకు చేసి తొక్కకు పసుపు తెస్తుంది. బజారులో దొరికే కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలు ఉంటాయి. పెట్టె తెరవగానే వెల్లుల్లి లాంటి ఘాటు ముక్కుకు తగలడం, తొక్క మీద అక్కడక్కడా తెల్లని బూడిద అంటుకుని ఉండడం చాలామంది చూసే ఉంటారు. ఈ విషం వల్లనే దాన్ని నిషేధించారు. నిషేధం నిన్న మొన్నటిది కాదు. 2011 నాటి ఆహార భద్రత నిబంధనల్లో స్పష్టంగా ఉంది, అంతకు ముందున్న కల్తీ నిరోధక నిబంధనల్లోనూ ఉంది. 2015లో అప్పటి ఉమ్మడి హైకోర్టు ఈ విషయాన్ని తనంతట తానుగా విచారణకు తీసుకుంది. 2016లో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ కార్బైడ్ బదులు ఎథిలీన్ వాయువును 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు వంద పాళ్లు) వరకు వాడుకోవచ్చని అనుమతించింది.

చట్టముంది, కోర్టు మందలింపు ఉంది, ప్రత్యామ్నాయమూ ఉంది. గది మాత్రం లేదు.

ఎథిలీన్‌తో మాగబెట్టాలంటే గాలి చొరబడని గది కావాలి. లోపల వేడి 20 డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి, గాలిలో తేమ 90 శాతం దాకా ఉండాలి, కాయలు వదిలే కార్బన్ డయాక్సైడును మధ్యమధ్య బయటికి పంపాలి. పెద్ద వ్యాపారులు ఇలాంటి గదులు కట్టుకోగలరు. తోపుడుబండి మీద పళ్లమ్మే మనిషికి, నాలుగు ట్రేలు దించుకునే చిల్లర దుకాణదారుకు ఆ స్తోమత ఎక్కడ ఉంటుంది? మా వాడలో పళ్లమ్మేవారిలో ఎవరిని అడిగినా ట్రేకు ఇంత అని అద్దె కట్టి కాయలు పెట్టుకునే గది తమకు అందుబాటులో లేదనే చెబుతున్నారు. అలాంటివాళ్ల సరుకును గుంతలో పోయించి ఫొటో దిగితే మర్నాడు వాళ్లు ఇంకాస్త చాటుగా అదే పొట్లం కొంటారు. కొందరు పొట్లం మానేసి ఎథిలీన్‌ను విడుదల చేసే ఎథెఫాన్ అనే రసాయన ద్రావణంలో కాయలు ముంచుతున్నారని వింటున్నాం. పళ్లను అలా నేరుగా ముంచడమూ నిబంధనలకు విరుద్ధమే.

దీని వెనక ఉన్న మరో సంగతి గురించి అధికారులెవరూ నోరు విప్పరు. సీజను మొదట్లో ధర బాగుంటుందని కాయను ముదరకముందే కోయిస్తున్నారు. ముదిరిన బంగినపల్లికి తొడిమ దగ్గర చిన్న గుంట పడి, రెండు పక్కలా భుజాలు లేస్తాయి. బకెట్ నీళ్లలో వేస్తే మునుగుతుంది. లేత కాయ తేలుతుంది. కాయలో పిండిపదార్థం చేరాకే మాగినప్పుడు అది చక్కెరగా మారుతుంది. అది చేరకముందు కోస్తే కార్బైడ్ పెట్టినా, ఎథిలీన్ పెట్టినా, వరిగడ్డిలో వేసినా ఒరిగేదేమీ లేదు. మామిడిలో కంటికి మేలు చేసే బీటా కెరోటిన్ కూడా చాలావరకు మాగే రోజుల్లోనే పెరుగుతుంది. ఈ తొందరపెట్టిన పండును ఒకసారి కోసి చూడండి. తొక్క అంతా ఒకే తీరుగా పసుపు, లోపల టెంక చుట్టూ పాలిపోయిన తెలుపు, కత్తికి గట్టిగా తగిలే కండ, నాలుకకు పులుపు. నూజివీడు తోటల పేరు, నున్న మార్కెట్ పేరు దేశమంతా చెప్పుకుంటారు. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మనమంతా సంబరపడ్డాం. ఆ పేరు మీద ఇలాంటి కాయ అమ్ముతుంటే నాకు కడుపు మండుతుంది.

మామిడి ఒక్కదానితో పోయేది కాదు ఇది. పండ్లు, కూరగాయలు బాగా తినండని ప్రభుత్వం గోడల మీద రాయిస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినమంది. మంచి మాట, నేనూ తింటాను. కానీ తోటలో కోసిన దగ్గరనుంచి నా సంచిలో పడేవరకు వాటికి ఏం జరుగుతుందో చూసే దిక్కెవరు? కోసిన ఆకు, కాయ ఊపిరి పీలుస్తూనే ఉంటాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే అవి పాడయ్యే వేగం రెండింతలు, మూడింతలు అవుతుంది. మన ఎండల్లో తోటకూర, పాలకూర తెల్లవారుజామున వచ్చి పది గంటలకే వడలిపోతాయి. అమ్మకందారు పక్కనున్న బకెట్‌లో చెయ్యి ముంచి నీళ్లు చిలకరిస్తే కట్ట మళ్లీ నిటారుగా నిలుస్తుంది, పోయిన విటమిన్ సి మాత్రం తిరిగి రాదు. ఆకుకూరను మామూలు వేడిలో ఒకటి రెండు రోజులు ఉంచితే అందులోని విటమిన్ సిలో పెద్ద వాటా పోతుంది, చల్లగా ఉంచితే చాలా వరకు నిలుస్తుంది. ఆ బకెట్ నీళ్లు ఎక్కడివో అడిగే ధైర్యం నాకు లేదు.

టమాటాదీ ఇదే కథ. 30 డిగ్రీలు దాటితే కాయలో ఎరుపునిచ్చే లైకోపీన్ సరిగా తయారు కాదు, కాయ పసుపు నారింజ రంగులో ఆగిపోతుంది. వేసవిలో మనకు దొరికే టమాటాలు అలా ఎందుకుంటున్నాయో ఇక విడమర్చి చెప్పనక్కర్లేదు. జామకాయ వంద గ్రాముల్లో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది, పెద్దవారికి రోజుకు కావలసింది 65 నుంచి 80 మాత్రమే. ఇంత చవకగా దొరికే మందును ఎండలో రోడ్డు పక్కన వాడిపోనిస్తున్నాం. కోత నుంచి అమ్మకం దాకా జామలో 15.88 శాతం, టమాటాలో 12.44 శాతం నష్టపోతున్నామని లూధియానాలో పంటకోత అనంతర పరిశోధన చేసే కేంద్ర సంస్థ సీఫెట్ 2015లో లెక్క తేల్చింది. అది పాడై పారేసిన సరుకు లెక్క. పారేయకుండా మనం తిన్నదాంట్లో తరిగిపోయిన సత్తువ ఆ అంకెల్లోకి రాదు.

అటు గుంటూరు వెళ్లినా అంతే. ఎర్రటి మిర్చి కల్లంలో ఆరుతుండగా వాన పడితే రైతు పరదాల కోసం పరుగులు తీయాలి. ఎండుమిర్చిలో తేమ 11 శాతం మించకూడదన్నది ప్రమాణం. మించితే బూజు, బూజుతో పాటు అఫ్లటాక్సిన్ విషం. ఎరుపు రంగునిచ్చే కెరోటినాయిడ్లు వెలుతురుకూ వేడికీ వెలిసిపోతాయి, అందుకే శీతల గిడ్డంగులు కావాలి. రంగు పోయిన మిర్చికి రంగు కలిపితే ఏమవుతుందో 2003లో ఐరోపా దేశాలు మన మిర్చి ఉత్పత్తుల్లో ఆహారంలో వాడకూడని సుడాన్ రంగును పట్టుకున్నప్పుడు చూశాం. పరువు పోయింది దేశానిది, ధర పడిపోతే నష్టపోయేది మాత్రం రైతు.

చెప్పేవాళ్లు లేరా అంటే, ఉన్నారు. బాపట్లలో పంటకోత అనంతర సాంకేతిక కేంద్రం ఉంది, గుంటూరు పక్కనే లాంలో పరిశోధన క్షేత్రం ఉంది, వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. డబ్బు లేదా? టమాటా, ఉల్లి, బంగాళాదుంప కోసం 2018 బడ్జెట్‌లో 500 కోట్లతో ఆపరేషన్ గ్రీన్స్ అనే పథకం ప్రకటించారు. 2020లో లక్ష కోట్ల వ్యవసాయ మౌలిక వసతుల నిధి అన్నారు. మరి మా వాడకు దగ్గరి రైతుబజారులో ఆకుకూరలమ్మే ఆడవాళ్ల నెత్తిన ఇంకా చిరుగుల పట్టానే ఎందుకుంది? ఈ ప్రశ్న ఒక సమావేశంలో అడిగితే అధికారులు 'ప్రతిపాదనలు పంపాం' అన్నారు. మా చిన్నప్పుడు మార్కెట్ ఉద్యోగి తెల్లవారుజామునే తూకాలు, సరుకు చూసి వెళ్లేవాడు. ఇప్పుడు తనిఖీ అంటే ఫొటోగ్రాఫరు వచ్చిన రోజే.

నేను కోరేవి పెద్దవేమీ కావు. ప్రతి టోకు పళ్ల మార్కెట్లో చిల్లర వ్యాపారులకు ట్రే లెక్కన అద్దెకిచ్చే ఎథిలీన్ గది ఉండాలి. లేత కాయను మార్కెట్ గేటు దగ్గరే ఆపాలి, బకెట్ నీళ్లతో అయ్యే పరీక్ష అది. రైతుబజారులో ఆకుకూరల వరుసకు నీడ, మంచినీటి కుళాయి, ఒక చల్లని గది కావాలి. ఇటు విజయవాడ, అటు గుంటూరు అధికారులూ కూర్చుని వచ్చే మామిడి సీజను లోపల ఈ పనులు పూర్తి చేయాలి. ఏ మార్కెట్లో ఎన్ని గదులున్నాయి, ట్రేకు అద్దె ఎంత, బాధ్యుడైన ఉద్యోగి ఎవరు అన్నది గేటు దగ్గర తెలుగులో బోర్డు రాసి పెట్టాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ