నీ కొత్త సీసాల సంగతి

చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు. నిన్న వీడియో కాల్‌లో నీ వెనక కిటికీ గట్టు మీద ఆరు చిన్న సీసాలు కనిపించాయి. అవేంటే అంటే, "అరోమాథెరపీ అమ్మా, ఈ నూనెల వాసన పీలిస్తే టెన్షన్ తగ్గుతుందట" అన్నావు. ఫోన్‌లో చెబితే సగమే వింటావు. అందుకే ఈ ఉత్తరం.

చిన్నప్పుడు కరెంటు పోతే చాలు, కమలాపండు తొక్క తీసుకుని కొవ్వొత్తి మంట దగ్గర పిండేదానివి, గుర్తుందా? చిటపటమని రవ్వలు లేచేవి. తొక్కలోంచి చిమ్మిన ఆ తుంపరే ఎసెన్షియల్ ఆయిల్, అంటే మొక్కలోంచి తీసే వాసన నూనె. నీ సీసాల్లో ఉండేవీ ఇలాంటివే. నిమ్మ, కమలా లాంటివాటికి ఎక్కువగా తొక్క నొక్కి తీస్తారు. ఆకులకి, పువ్వులకి, వేళ్ళకి ఆవిరి పట్టిస్తారు. ఆ ఆవిరి చల్లారితే చాలావాటికి నీళ్ళ మీద నూనె తేలుతుంది. కింద మిగిలిన వాసన నీళ్ళు గులాబీలవైతే, అవే పన్నీరు. నీ పెళ్ళిలో గుమ్మం దగ్గర పిన్ని చల్లింది అదే. అసలైనదో కాదో ఆ షాపువాడికే తెలియాలి!

కిలో గులాబీ నూనె రావాలంటే 3,000 నుంచి 4,000 కిలోల పూలు కావాలి. నూటయాభైకి వచ్చిన నీ 'రోజ్ ఆయిల్' ఏమిటో నువ్వే లెక్కేసుకో.

అరోమాథెరపీ అన్న పేరు 1937లో గాట్‌ఫోస్సే అనే ఫ్రాన్స్ కెమిస్టు తన పుస్తకానికి పెట్టుకున్నాడు. మన ఇళ్ళలో మాత్రం జలుబు చేస్తే రుమాలు మీద రెండు చుక్కల నీలగిరి తైలం వేసుకోవడం ఏ పేరూ లేకుండానే సాగింది. ఆ చెట్టు కూడా మనది కాదులే. ఆస్ట్రేలియా నుంచి తెచ్చి ఇంగ్లీషువాళ్ళు నీలగిరి కొండల్లో నాటారు, పేరు అలా ఉండిపోయింది.

ఇక నేను చేసిన తెలివితక్కువ పని. కిందటేడు ఒక షాపులో నిమ్మగడ్డి నూనె కొన్నాను. స్నానం నీళ్ళలో నాలుగు చుక్కలు వేసుకోమన్నాడు. వేశాను. నూనె నీళ్ళలో కలుస్తుందా? పైన తేలి, మొదటి చెంబుతోనే నా భుజానికి అంటుకుంది. చుర్రుమంది. మూడు రోజులు జాకెట్టు తగిలితే మంట. మీ నాన్న ఒకటే నవ్వు.

కాబట్టి ఒంటికి రాసుకోవాలంటే చెంచా కొబ్బరినూనెలోనో నువ్వులనూనెలోనో ఒక్క చుక్క కలుపు. ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు ఆగు. నిమ్మనూనె రాసుకుని ఎండలోకి వెళ్ళకు, మచ్చలు పడతాయి. ఏదీ నోట్లో వేసుకోకు, ఎవరు చెప్పినా సరే.

అన్నిటికంటే ముఖ్యం బుజ్జిగాడు. వాడికింకా పద్నాలుగు నెలలే. ముక్కు దిబ్బడేసిందని నీలగిరి తైలం, కర్పూరం వాడి ముఖం దగ్గరికి తేకు. పొరపాటున కాస్త మింగినా ఫిట్స్ వచ్చేంత ప్రమాదం. వాడికి ఆయాసంగా ఉంటే సీసా కాదు, డాక్టరు.

రాత్రి నీ గదిలో లావెండర్ పెట్టుకుంటే హాయిగా నిద్రపడుతోందన్నావు, మంచిదే, పెట్టుకో. వాడు పడుకునే గదిలో మాత్రం వద్దు. ఆ కిటికీ గట్టు వాడికి అందుతుంది. ఉత్తరం చదవగానే ముందు సీసాలు తీసి బీరువా పైఅరలో పెట్టి, నాకు ఫోటో పంపు.

మీ అమ్మ