మోటారు కొనే ముందు తలుపు చూడరా

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. గ్యారేజీ తలుపు దిగుతూ దిగుతూ సగంలో ఆగి మళ్ళీ పైకి పోతోందనీ, మోటారు మూలుగుతోందనీ, కొత్తది కొనాలంటే అర హెచ్‌పీ చాలో, ముప్పావు కావాలో తేలట్లేదనీ రాశావు. హెచ్‌పీ సంగతి చివర చూద్దాం. ముందు ఆ తలుపు సంగతి తేలాలి. ఎందుకంటే తలుపు బరువు మోసేది మోటారు కాదురా, స్ప్రింగులు.

రెండు కార్లు పట్టే ఉక్కు తలుపు డెబ్భై, ఎనభై కిలోలు తేలిగ్గా తూగుతుంది. స్ప్రింగులు బాగుంటే ఆ తలుపునే ఒంటి చేత్తో ఎత్తొచ్చు. మోటారుకి మిగిలే పని దాన్ని కాస్త లాగడం, కాస్త తోయడం, అడ్డమొస్తే ఆగడం. స్ప్రింగు సడలిన తలుపుకి పెద్ద మోటారు తగిలిస్తే కొన్నాళ్ళు లాగుతుంది, తర్వాత అదీ పాతదాని దారే పడుతుంది. కాబట్టి కొత్తది కొనేలోపు ఈ పరీక్ష చెయ్యి.

తలుపు పూర్తిగా మూసి ఉన్నప్పుడు, మోటారు నుంచి తలుపు దాకా కప్పు కింద సాగే రెయిలు నుంచి వేలాడే ఎర్ర తాడు లాగు. తెరిచి ఉండగా మాత్రం లాగొద్దు, స్ప్రింగు విరిగి ఉంటే తలుపంతా దబ్బున మీద పడుతుంది. తాడు లాగాక మోటారుతో సంబంధం తెగిపోతుంది. ఇప్పుడు చేత్తో మెల్లగా ఎత్తి, నడుము ఎత్తుకు తెచ్చి, చేతులు దగ్గరే పెట్టుకుని పట్టు వదులు. అక్కడే నిలబడిందా, తూకం సరిగ్గా ఉన్నట్టు. కిందికి జారిందా, స్ప్రింగు సడలింది. దానంతటదే పైకి పోతోందా, బిగువు ఎక్కువైంది. తూకం బాగానే ఉండి ఎక్కడో ఒకచోట పట్టేసినట్టు ఉంటే తప్పు తలుపు పక్కలనున్న చిన్న చక్రాలదో (రోలర్లు), అవి నడిచే ఇనుప దారి, అంటే ట్రాకు, వంగడానిదో. నీ తలుపు సగంలో వెనక్కి పోవడానికి ఇదే కారణం కావచ్చు. పట్టేసిన చోటుని మోటారు అడ్డంకి అనుకుని తిప్పేస్తుంది.

తలుపు పైన అడ్డంగా ఉన్న కడ్డీకి చుట్టుకుని ఉండేది టోర్షన్ స్ప్రింగు. దాన్ని నువ్వు ముట్టుకోకు. బిగించి ఉన్న ఆ స్ప్రింగు స్క్రూ వదిలితే చేతిలో ఉన్న బిగించే కడ్డీ గిర్రున తిరిగి ఎముక విరగ్గొడుతుంది. తలుపు అడుగున రెండు మూలల్లో ఉక్కు తీగ తగిలించిన బ్రాకెట్లూ అంతే, ఆ బిగువంతా వాటి మీదే ఉంటుంది. ఈ పని తెలిసినవాడిని పిలిపించు. మామూలు స్ప్రింగుని 10,000 సార్లు తెరిచి మూసేందుకు లెక్కగట్టి చేస్తారు. రోజుకి నాలుగుసార్లు వాడితే దాదాపు ఏడేళ్ళు. జంట స్ప్రింగుల్లో ఒకటి విరిగితే రెండూ మార్పించు, రెండోదాని వయసూ అంతే కదా.

తలుపు బాగుందని తేలితే, పాత మోటారు నిజంగా పోయిందో లేదో చూడు. ప్లగ్గు పీకి మూత విప్పు. లోపల పళ్ళచక్రం చుట్టూ తెల్లటి పొడి, పిండి చల్లినట్టు రాలి ఉంటే నైలాన్ పళ్ళు అరిగిపోయాయి. అప్పుడు మోటారు తిరిగే చప్పుడొస్తుంది కానీ చైను కదలదు. ఆ చక్రం విడిగా దొరుకుతుంది. మోటారు మూలుగుతూ కదలకపోతే చాలాసార్లు మోటారు తిరగడానికి ఊపునిచ్చే కెపాసిటర్ పోయి ఉంటుంది, అదీ విడిగా దొరికేదే. దిగేటప్పుడు మాత్రమే వెనక్కి పోతూ, బల్బు టపటపా వెలిగి ఆరుతుంటే, నేల దగ్గర తలుపుకి అటూ ఇటూ ఉండి అడ్డం కనిపెట్టే సెన్సర్ కళ్ళు ఒకదానికొకటి కనబడటం లేదన్నమాట. బూజు దులిపి, రెండూ ఎదురెదురుగా తిప్పి చూడు. సాయంత్రం పూటే ఈ బాధ వస్తుంటే ఎండ నేరుగా కంట్లో పడుతోంది. కిరణం పంపే కన్నునీ అందుకునే కన్నునీ అటూ ఇటూ మార్చి, అందుకునేదానికి ఎండ తగలకుండా చేస్తే చాలు.

అయితే ఆ కళ్ళే లేని పాత యంత్రమైతే బాగుచేయించకు, తీసేయ్. అమెరికాలో 1993 నుంచి ఇళ్ళకి అమ్మే ప్రతి ఓపెనర్‌కీ (తలుపు తెరిచే ఈ మోటారు యంత్రానికి) ఇలాంటి రక్షణ తప్పనిసరి చేశారు. దిగే తలుపు కింద పిల్లలు నలిగిపోయాకే ఆ నియమం వచ్చింది. రిమోట్ లోపల చిన్న చిన్న మీటలు పైకీ కిందికీ జరిపే రకమైనా మార్చేయ్. దాని సంకేతం ఎప్పుడూ ఒకటే, ఒకసారి పట్టుకున్నవాడు మళ్ళీ మళ్ళీ తలుపు తెరవొచ్చు. కొత్తవాటిలో నొక్కిన ప్రతిసారీ సంకేతం మారిపోతుంది.

ఇక మోటారు రకాలు. తలుపుని చైనుతో లాగేది మొరటుది, గట్టిది, చప్పుడు ఎక్కువ. గ్యారేజీ ఇంటికి దూరంగా ఉంటే దానికి వంక పెట్టక్కర్లేదు. పొడవాటి మరమీద నడిచే స్క్రూ రకం చలికీ వేడికీ ఇబ్బంది పెడుతుంది, గ్రీజు కూడా అడుగుతుంటుంది, నీకొద్దు. నువ్వు గ్యారేజీ మీదే పడకగది ఉందని రాశావు కాబట్టి నీకు బెల్టుదే సరి. లోపల ఉక్కు తీగలు పొదిగిన రబ్బరు బెల్టు అది, తొందరగా తెగుతుందన్న భయం అక్కర్లేదు. కానీ ఒక మాట. మోటారు మార్చినంత మాత్రాన చప్పుడంతా పోదు. సగం చప్పుడు ఇనుప రోలర్లది. బేరింగులున్న నైలాన్ రోలర్లు వేయించు. తలుపుకి పది, పన్నెండు పడతాయి. అడుగు బ్రాకెట్లో ఉన్న రెండూ స్ప్రింగు పని చేసేవాడికే వదిలెయ్. కీళ్ళకీ రోలరు బేరింగులకీ లిథియం గ్రీజు పట్టించు, ట్రాకు లోపల మాత్రం ఏదీ రాయకు. అక్కడ జిడ్డుకి దుమ్ము పట్టి ముద్దకడుతుంది.

గోడకి బిగించే రకం ఇంకొకటి ఉంది. తలుపు పైనున్న టోర్షన్ కడ్డీ చివర తగిలించి ఆ కడ్డీనే తిప్పుతుంది. కప్పు మధ్య రెయిలే ఉండదు, ప్రకంపనలు దూలాలకి పాకవు. చూడటానికి నాకు అన్నిటికన్నా నచ్చేది అదే. కానీ షరతులు చాలా. ట్రాకుల పక్కన సాగే ఎక్స్‌టెన్షన్ స్ప్రింగులైతే అసలు పనికిరాదు. కడ్డీ చివర పక్కగోడ దాకా ఎనిమిది, తొమ్మిది అంగుళాల జాగా కావాలి. తలుపు దిగేటప్పుడు ఎక్కడైనా పట్టేస్తే మోటారు కడ్డీని తిప్పుతూనే ఉంటుంది, తలుపుని మోసే ఉక్కు తీగ వదులై, అది చుట్టుకునే డ్రమ్ము నుంచి జారిపోతుంది. అందుకే తీగ బిగువు కనిపెట్టే పరికరం దాంతోపాటు వస్తుంది. అది బిగించకుండా వదిలేయొద్దు.

హెచ్‌పీ అడిగావు. ఒక కారు తలుపుకి అర హెచ్‌పీ ధారాళంగా సరిపోతుంది. రెండు కార్ల వెడల్పు తలుపైనా, చెక్కదైనా ముప్పావు తీసుకో, అంతకు మించి అక్కర్లేదు. పెట్టె మీద హెచ్‌పీ పక్కన ఇంకో అక్షరం కనబడితే, ఆ స్థాయి పాత మోటారుతో సమానమని అర్థం, కొలిచిన అంకె కాదు. అంకె కన్నా ముఖ్యం డీసీ మోటారా కాదా అన్నది. డీసీది మెల్లగా మొదలై మెల్లగా ఆగుతుంది, తలుపుకి కుదుపు ఉండదు. చిన్న బ్యాటరీతో కరెంటు లేనప్పుడూ నడుస్తుంది. గ్యారేజీకి వేరే తలుపు లేకపోతే బ్యాటరీ ఉన్నదే తీసుకో. ఆ బ్యాటరీని రెండు మూడేళ్ళకోసారి మార్చాల్సి వస్తుంది.

పెట్టె కొనేముందు టేపు తీసుకుని కొలువు. తలుపు ఎత్తు 7 అడుగులా, 8 అడుగులా? మామూలు పెట్టెలో వచ్చే రెయిలు 7 అడుగుల తలుపుకే. ఎనిమిదైతే పొడవు రెయిలో, అతుకు ముక్కో అడగాలి. అది చూసుకోక చాలామంది బిగించాక తలుపు ఒక అడుగు తక్కువ తెరుచుకుంటోందని తలపట్టుకుంటారు. తర్వాత తలుపు చేత్తో ఎత్తుతూ, పై అంచు తిరిగేచోట ఎంత ఎత్తుకు చేరుతుందో గోడ మీద పెన్సిలు గీత పెట్టు. రెయిలు ఆ గీతకి 2 అంగుళాలు పైన రావాలి. పల్చటి రేకు తలుపైతే పై పలకకి అడ్డంగా ఉక్కు పట్టీ వేయించు. అది లేకుండా తలుపుని లాగే మోటారు కడ్డీ తగిలిస్తే రేకు వంగి, మరలు ఊడొస్తాయి.

బిగించేటప్పుడు పాతవి వాడుకుందామని ఆశపడకు. పాత సెన్సర్లు కొత్త మోటారుతో మాట్లాడవు, గోడ బటన్ కూడా చాలావాటికి పనికిరాదు. గోడలో ఉన్న రెండు పోగుల తీగ బాగుంటే అది మాత్రం ఉంచుకోవచ్చు. మోటారుని దూలాలకే వేలాడదియ్యి, పైకప్పు పలకకి కాదు. తలుపుకి చేతి గడియ ఉంటే తీసెయ్, గడియ పడి ఉండగా ఎవరైనా రిమోట్ నొక్కితే పై పలక చిరిగిపోతుంది. కరెంటుకి ఎక్స్‌టెన్షన్ తీగ వాడకు.

సెన్సర్ కళ్ళు నేల నుంచి 6 అంగుళాలకి మించి ఎత్తులో ఉండకూడదు, పాకే పిల్లలు ఆ కిరణం కిందనుంచి దూరిపోతారు. గోడ బటన్ 5 అడుగుల ఎత్తులో, తలుపు కనబడే చోట ఉండాలి. అంతా అయ్యాక ఒకటిన్నర అంగుళం మందం చెక్క ముక్కని తలుపు కింద నేలమీద వెల్లకిలా పెట్టి దించు. చెక్కని తాకగానే తలుపు పైకి పోవాలి. పోకపోతే బలం సెట్టింగ్ తగ్గించు, దిగే హద్దు సరిచేసి మళ్ళీ చూడు. నెలకోసారి ఈ పరీక్ష చెయ్యి.

కారు అద్దం దగ్గరున్న బటన్లతో కూడా తెరవాలని రాశావు కదా. పాత కారైతే కొత్త మోటారు సంకేతం దానికి అర్థం కాకపోవచ్చు, మధ్యలో ఒక చిన్న పరికరం పెట్టాలి. లిఫ్ట్‌మాస్టర్, చాంబర్లెయిన్ కంపెనీల మోటార్లకి వెనక, కొత్త రిమోట్‌ని గుర్తుపట్టడం నేర్పే బటన్ పసుపు రంగుదైతే అది 2011 తర్వాతి తరం. ఆ రంగు చూసి కారు పుస్తకంలో పోల్చుకో. రిమోట్ దగ్గరికొస్తే తప్ప పనిచేయకపోతే మోటారులో వేసిన ఎల్‌ఈడీ బల్బు తీసి చూడు, కొన్ని బల్బులు రేడియో సంకేతాన్ని చెడగొడతాయి. ఫోనుతో తెరిచే రకమైతే చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై కావాలి, ఆ సిగ్నల్ గ్యారేజీ దాకా వస్తోందో లేదో ఫోను పట్టుకుని అక్కడే నిలబడి చూసుకో.

తలుపు ఎత్తు, పై అంచు గీత, స్ప్రింగు రకం, కడ్డీ పక్కన ఉన్న జాగా, ఈ నాలుగూ రాసి పంపు. చేత్తో ఎత్తినప్పుడు ఎక్కడ పట్టేసిందో కూడా రాయి. అవి చూశాకే ఏది కొనాలో చెబుతా, అందాకా ఏదీ కొనకు.

నీ నేస్తం